పటమూ వంతా: ప్రపంచ చరిత్ర పాఠానికి బొమ్మ, నవ్వు ఎందుకు కావాలి

(ఆలేరులో ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుని స్మృతిలో చేసిన ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆయనను ఈ ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవారు తక్కువ. అందరికీ ఆయన సోషల్ సారు. నల్లబల్ల మీద ఐరోపా పటం గీసి, జర్మనీ ఉన్నచోట బిస్మార్క్‌కు మీసాలు దిద్ది పిల్లలను నవ్వించేవారట. ఆ నవ్వు ఆగీ ఆగకముందే, “ఇంతకూ ఈ మీసాలాయన ఏడేండ్లల్ల మూడు యుద్ధాలు ఎందుకు చేసిండు?” అని అడిగేవారట. 1864, 1866, 1870 అనే మూడు సంవత్సరాలు ఆయన శిష్యులకు ఇప్పటికీ నోటికి వస్తాయి. వాటి వెనుక ఉన్న కారణాలూ వస్తాయి. సారు పద్ధతిని ఆయన శిష్యులు ముచ్చటగా చెప్పుకుంటారు. నేను దాన్ని ఒక బోధనా సిద్ధాంతంగా మీ ముందు పెట్టదలచుకున్నాను.

నేను చెప్పేది ఒక్కటే మాట. ప్రపంచ చరిత్ర పాఠంలో బొమ్మనూ నవ్వునూ పిల్లలను మురిపించడానికి పైపైన అద్దే రంగులుగా చూడకూడదు. బొమ్మ మనల్ని ఒకచోట నిలబెట్టి చూడమంటుంది. నవ్వు, విన్నదాన్ని నమ్మే ముందు ఒకసారి అడగమంటుంది. చూడటం, అడగటం అలవాటు కాని చోట చరిత్ర చదువు లేదు. ఈ రెండింటినీ నేర్పే కళలు మన చుట్టుపక్కల ఊళ్ళలోనే తరతరాలుగా ఉన్నాయి. వాటిని బడిలోకి పిలుచుకోవాలని అడగడానికే వచ్చాను.

జాబితాగా మిగిలిన కథ

మన పదో తరగతి పిల్లలు 1900 నుంచి 1950 దాకా ప్రపంచం నడిచిన తీరు చదువుతారు. రెండు ప్రపంచ యుద్ధాలు, రష్యా విప్లవం, ఆర్థిక మహామాంద్యం, జర్మనీలో నాజీల రాక, ఆ వెనుక చైనా, వియత్నాం, నైజీరియాల విముక్తి ఉద్యమాలు. మనుషుల ఆశ, భయం, తెగువ, మోసం అన్నీ ఉన్న మహాకథ ఇది. అయినా పరీక్ష నాటికి పిల్లల చేతిలో మిగిలేది ఒక జాబితా. వర్సేల్స్ సంధి 1919, నానాజాతి సమితి 1920, హిట్లర్ అధికారంలోకి వచ్చింది 1933.

జాబితా వద్దని నేను అనను. ఏది ముందో ఏది వెనుకో తెలియకపోతే కారణమేదో ఫలితమేదో తెలియదు. కానీ ఆ సంవత్సరాల్లో బతికిన మనిషి ఎట్లా ఉండేవాడు, ఏం కట్టుకునేవాడు, ఏం తినేవాడు, ఎవరిని చూసి భయపడేవాడు, ఎవరి చాటున నవ్వుకునేవాడు? అతని ముఖం కనబడనంత కాలం పాఠం పిల్లల గుండెకు ఎక్కదు. ఆలేరు పిల్లకు వియత్నాం రైతు ముఖం కనబడితే చాలు, ఆ రైతు ఎందుకు తిరగబడ్డాడో సగం దానంతటదే అర్థమవుతుంది.

నవ్వు నాలుగందాల చేటు అన్న సామెత మన తరగతి గదుల్లో ఇంకా పెత్తనం చేస్తోంది. నవ్విన పిల్లవాడు పాఠం వినడం లేదని అనుకుంటాం. పుస్తకం అంచున బొమ్మ గీసిన పిల్లను మందలిస్తాం. నిజానికి ఆ ఇద్దరే పాఠంలోకి తమ దారిన తాము వస్తున్నవాళ్ళు.

చేర్యాల పటం నేర్పిన పాఠం

ఆలేరు నుంచి చేర్యాల మనకు దూరమేమీ కాదు. అక్కడి నకాశీ చిత్రకారులు తరాలుగా పటాలు రాస్తున్నారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మజిగురు కలిపి పూత వేస్తారు. ఆరిన తర్వాత దాని మీద గీతలు గీసి, వెనుక నేలంతా ఎర్రరంగుతో నింపుతారు. ఒక్కో ఘట్టానికి ఒక్కో అడ్డగడి. గడికీ గడికీ మధ్య పూలతీగ అంచు. పాతకాలపు పటాలు 40, 50 అడుగుల పొడవు కూడా ఉండేవి. ధనాలకోట వైకుంఠం వంటి నకాశీల చేతుల మీదుగా ఈ కళ మన కాలం దాకా వచ్చింది, భౌగోళిక గుర్తింపు కూడా పొందింది.

ఆ పటాలను రాయించుకునేది కథకులు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు. ఒక్కో కులానికి దాని పుట్టుక కథను పటం విప్పి చెప్పే మరో కులం ఉంది. శాసనాలు చెక్కించే స్తోమత లేని జనం తమ కథను గుడ్డ మీద రాయించుకున్నారు. అవి పురాణాలు, వాటిని అట్లాగే చదవాలి. అయినా రాజుల జాబితాలో చోటు దొరకని మనుషులు తమకూ ఒక గతం ఉందని నిలబడి చెప్పుకున్న సాక్ష్యాలు అవి.

పటం చెప్పే తీరులో బడికి పనికొచ్చే మూడు సంగతులు ఉన్నాయి. ఒకటి, కథకుడు ఒక్కో గడినే విప్పుతాడు. ఆ గడి కథ ముగిసేదాకా తర్వాతిది కనబడదు. మన పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీలో నాలుగు ఒప్పందాలు, రెండు విప్లవాలు వచ్చి పడతాయి. రెండు, గడిలో ఎవరు పెద్దగా ఉన్నారో ఎవరు మూలన ఉన్నారో చూడగానే అధికారం ఎవరిదో తెలుస్తుంది. మూడు, దేవతలు కూడా మన ఊరి మనుషుల్లాగే చీరలు కట్టి, తలపాగాలు చుట్టి కనిపిస్తారు. పరాయి కథ అనిపించదు. ఫ్రెంచి విప్లవాన్ని పది గడుల పటంగా రాయమని పిల్లలకు చెప్పి చూడండి. ఏ పది ఘట్టాలు ఎంచుకోవాలన్న వాదన మొదలైన క్షణం నుంచి వాళ్ళు చరిత్రకారుల పని చేస్తున్నట్టే.

వంత అడిగే ప్రశ్న

బొమ్మ సంగతి అది. ఇక నవ్వు సంగతి. బుర్రకథ చూసినవాళ్ళకు తెలుసు, కథకుడు ఒక్కడే ఉండడు. తంబుర పట్టిన కథకుడికి ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు కథను లోకంలోని రాజకీయానికి ముడిపెట్టేవాడు, మరొకరు హాస్యం పండించేవాడు. హాస్యపు వంత చేసే పనిని మనం తక్కువగా లెక్కగడతాం. కథకుడు గొప్పగా చెప్పుకుపోతుంటే అతను మధ్యలో ఆపి అమాయకంగా ఒక ప్రశ్న వేస్తాడు. జనంలో చివరి వరుసలో కూర్చున్నవాడికి వచ్చిన అనుమానమే అది. కథకుడు దానికి జవాబు చెప్పి తీరాలి. నవ్వు పుడుతుంది, అనుమానం తీరుతుంది, కథ ముందుకు నడుస్తుంది. ఒగ్గు కథలోనూ ఇదే పద్ధతి. మన పక్క జనగామ సీమవాడైన చుక్క సత్తయ్య (1935–2017) ఆ కథకు దేశమంతటా గౌరవం తెచ్చి, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు.

ఈ పద్ధతి ప్రపంచ చరిత్రకు పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే, ఎనభై ఏళ్ళ కిందటే పనికొచ్చిందని చెబుతాను. 1941 నవంబరు 29న మాస్కో దగ్గరి పెట్రిష్చెవో గ్రామంలో జర్మన్ సైనికులు జోయా అనే 18 ఏళ్ళ సోవియట్ యువతిని ఉరితీశారు. పట్టుబడ్డాక ఆమె తన పేరు టానియా అని మాత్రమే చెప్పింది. ఆ టానియా కథ 1940లలోనే గుంటూరు సీమ పల్లెల్లో బుర్రకథ అయింది. రేడియో కూడా లేని ఊళ్ళలో జనం రచ్చబండ దగ్గర కూర్చుని, తాము ఎన్నడూ చూడని మంచు దేశంలో ఒక ఆడపిల్ల ఎట్లా చనిపోయిందో విన్నారు. ఆ కళాకారులే తర్వాత ప్రజానాట్యమండలిలో తెలంగాణ రైతు పోరాటాన్ని ఊరూరా చెప్పారు. బుర్రకథకుడు షేక్ నాజర్ గొంతు ఆ కాలపు చరిత్రలో భాగం. చరిత్ర చెప్పడానికి నవ్వించే వంతను పక్కన పెట్టుకున్నా ఆ కథల బరువు తగ్గలేదు. తగ్గి ఉంటే ప్రభుత్వాలు వాటిని నిషేధించవలసిన పని ఉండేది కాదు.

హాస్యం దాచిన చరిత్ర

నవ్వు చరిత్రను చెప్పడమే కాదు, దాచి ఉంచుతుంది కూడా. పాలమూరు జిల్లా బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసినప్పుడు రాజుల యుద్ధాలను పక్కకు జరిపి జనం తిండి, బట్ట, ఆట, పండుగ, మూఢనమ్మకం వెతికారు. వాటి కోసం ఆయన సామెతలను, చాటువులను, హాస్యకావ్యాలను గాలించారు. కాకతీయుల ఓరుగల్లు వీధులు ఎట్లా ఉండేవో తెలుసుకోవాలంటే ‘క్రీడాభిరామం’ చదవాలి. ఇద్దరు మిత్రులు ఒక రోజంతా నగరంలో తిరుగుతూ, కనబడినదాన్నల్లా చూసి నవ్వుకునే వీధినాటకం అది. రూక ఇస్తే పూటకూళ్ళ ఇంట్లో భోజనం దొరికేదని, మాచల్దేవికి చిత్రశాల ఉండేదని, వీధిలో పలనాటి వీరుల కథ పాడేవారని మనకు చెప్పింది ఆ నవ్వుల నాటకమే. గంభీరమైన ప్రశస్తి శాసనం రాజుగారి బిరుదులు చెప్పి ఊరుకుంది. సురవరం గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి పుస్తకం అదే. ‘మొగలాయి కథలు’ రాసిన చెయ్యే ఈ చరిత్రనూ రాసిందంటే, ఆయనకు హాస్యం, పరిశోధన వేరువేరు గదులు కావన్నమాట.

అంతకు ముందే, 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది. మునగాల సంస్థానం దివాను కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆ సంస్థానాధీశుడు నాయని వెంకటరంగారావు వంటివారు దాన్ని నిలబెట్టారు. మండలి అచ్చువేసిన మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. మన నల్లగొండ నేల మీది సంస్థానం అండతో తెలుగువాడి చేతికి మొదట అందింది ఒక అమెరికా అధ్యక్షుడి కథ! ప్రపంచాన్ని తెలుగులో చదవాలన్న తపన మనకు అంత పాతది.

ప్రపంచం నవ్వుతూ రాసుకున్న చరిత్రలు

ఇతర దేశాలవాళ్ళూ ఈ దారిన నడిచారు. ఇంగ్లండులో 1847–48లో గిల్బర్ట్ ఎ బెకెట్ రాసిన హాస్య చరిత్రకు జాన్ లీచ్ బొమ్మలు వేశాడు. రష్యాలో 1910–11 నాటికి ‘సతిరికోన్’ పత్రిక రచయితలు ఏకంగా ప్రపంచ చరిత్రనే హాస్యంగా రాశారు. ప్రాచీన కాలం తెఫీ అనే రచయిత్రి వంతు, ఆధునిక కాలం అవెర్చెంకో వంతు. జారు చక్రవర్తి సెన్సారు కత్తి కింద, బడి పుస్తకాల బిగుసుకుపోయిన భాషను ఎగతాళి చేస్తూ రాశారు. 1930లో సెల్లర్, యీట్‌మన్ కలిసి రాసిన ‘1066 అండ్ ఆల్ దట్’ కూడా అట్లాంటిదే. అందులోని తప్పులు చూసి నవ్వాలంటే ముందు ఒప్పు తెలిసి ఉండాలి. చదువు వచ్చిందో లేదో తేల్చే పరీక్ష అది.

హెండ్రిక్ వాన్ లూన్ 1921లో ‘ది స్టోరీ ఆఫ్ మాన్‌కైండ్’ రాసి, బొమ్మలు కూడా తానే గీశాడు. పిల్లల పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే న్యూబెరీ పతకం మొట్టమొదట, 1922లో, ఆ చరిత్ర పుస్తకానికే దక్కింది. నెహ్రూ 1930 అక్టోబరు నుంచి 1933 ఆగస్టు దాకా జైళ్ళలో కూర్చుని కూతురికి రాసిన 196 ఉత్తరాలు ‘గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ’ అయ్యాయి. 1939 ముద్రణకు 50 పటాలు గీసిన జె.ఎఫ్. హొరాబిన్ వృత్తిరీత్యా కార్టూనిస్టు. పెద్ద పెద్ద సామ్రాజ్యాలను నాలుగు గీతల్లో తేల్చి చూపే నేర్పు కార్టూన్ గీసిన చేతికే ఉంటుందని ఆ పటాలు చూస్తే తెలుస్తుంది.

వీటన్నింటిలో నాకు మిక్కిలి గౌరవం లారీ గోనిక్ కృషి మీద. గణితం చదువుకున్న ఈ అమెరికన్ 1970లలో మొదలుపెట్టి 2009 దాకా, అయిదు సంపుటాలుగా, విశ్వం పుట్టుక నుంచి మన కాలం వరకు మొత్తం చరిత్రను కార్టూన్లలో గీశాడు. గ్రీసు, రోములతో ఆగలేదు. చైనా, భారతదేశం, అరేబియా, ఆఫ్రికాలకూ చోటిచ్చాడు. ప్రతి సంపుటం చివర తాను చదివిన పుస్తకాల వివరం ఇచ్చాడు. నవ్వించేవాడు కూడా ఆధారం చూపాలి అన్న నియమం అది. మనం అతని నుంచి నేర్చుకోవలసింది బొమ్మల శైలికంటే ముందు ఈ నియమాన్ని.

మూడు బొమ్మలు, మూడు పాఠాలు

కార్టూన్ చరిత్రను వివరించడానికి పనికొస్తుంది, చరిత్రకు సాక్ష్యంగానూ నిలబడుతుంది. తరగతిలో తప్పక చూపవలసిన మూడు బొమ్మల గురించి చెబుతాను.

మొదటిది 1789 నాటి ఫ్రెంచి ముద్రణ. బక్కచిక్కిన ముసలి రైతు పార మీద ఆనుకుని వంగి నిలబడ్డాడు. అతని వీపు మీద ఒక మతగురువు, ఒక ప్రభువు కూర్చున్నారు. కాళ్ళ దగ్గర కుందేళ్ళు, పక్షులు పైరు తింటున్నాయి. పిల్లలు కుందేళ్ళను చూసి నవ్వుతారు. అప్పుడు అడగాలి, రైతు వాటిని ఎందుకు తరమడం లేదు? వేట ప్రభువుల హక్కు కాబట్టి. తన చేనులో పడిన జంతువును కొట్టే అధికారం కూడా అతనికి లేదు. ఇక్కడ ఆలేరు పిల్లలు ఊరుకోరు. దేశ్‌ముఖుల గడీల ముందు వెట్టి చేసిన తాతముత్తాతల సంగతి ఇళ్ళలో విని ఉన్నారు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభ ఎందుకంత కీలకమైందో, 1789లో పారిస్ ఎందుకు రగిలిందో ఒకదాని పక్కన ఒకటి పెట్టి మాట్లాడుకోవచ్చు.

రెండవది జేమ్స్ గిల్రే 1805 ఫిబ్రవరిలో గీసిన బొమ్మ. భోజనం బల్ల మీద పళ్ళెంలో భూగోళమే వంటకంగా ఉంది. ఒకవైపు పొడుగ్గా, సన్నగా ఇంగ్లండు ప్రధాని పిట్ సముద్రాన్ని కోసుకుంటున్నాడు. మరోవైపు పొట్టి నెపోలియన్ కుర్చీలోంచి లేచి కత్తితో ఐరోపాను కోసుకుంటున్నాడు. ఆ ఏడాది అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో సముద్రం ఇంగ్లండు పాలైంది. డిసెంబరు 2న ఆస్టర్‌లిట్జ్ యుద్ధంతో ఐరోపా నేల నెపోలియన్ పాలైంది. జరగబోయేదాన్ని చిత్రకారుడు నెలల ముందే గీశాడు. కానీ ఆ బల్ల దగ్గర వంటకమైన దేశాల మాట ఏమిటి? వాటి జనాన్ని ఎవరైనా అడిగారా? ఈ ప్రశ్న పుట్టిందంటే పిల్లలకు సామ్రాజ్యవాదం అర్థమైనట్టే.

ఇదే బొమ్మ ఇంకో పాఠం కూడా నేర్పుతుంది. నెపోలియన్ పొట్టివాడని లోకమంతా నమ్మడానికి గిల్రే బొమ్మలు పెద్ద కారణం. నిజానికి అతను అయిదడుగుల ఆరేడు అంగుళాల మనిషి, ఆ కాలపు ఫ్రెంచివాళ్ళలో తక్కువ ఎత్తేమీ కాదు. శత్రుదేశపు చిత్రకారుడు గీసిన ఎగతాళి రెండు వందల ఏళ్ళకు పైగా నిజంగా చెలామణి అవుతోంది. కాబట్టి బొమ్మను కూడా వంత అడిగినట్టు అడగాలి. నిన్ను గీసింది ఎవరు? ఎవరి కోసం? ఎవరి సొమ్ముతో?

మూడవది డేవిడ్ లో 1939 సెప్టెంబరు 20న గీసింది. హిట్లర్, స్టాలిన్ టోపీలు తీసి ఒకరికొకరు వంగి దండాలు పెట్టుకుంటున్నారు. మర్యాదగా వంగుతూనే ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక శవం పడి ఉంది. ఆగస్టు 23న ఇద్దరికీ ఒప్పందం కుదిరింది, సెప్టెంబరు 1న జర్మనీ, 17న సోవియట్ సైన్యం పోలెండులోకి వచ్చాయి. ఇంత క్లిష్టమైన దౌత్యం ఆ బొమ్మలో ఒక్క చూపుకు అందుతుంది. అయితే నవ్వు ఆ శవం దగ్గర ఆగిపోతుంది. అది పోలెండు. మంచి హాస్యం మనల్ని అట్లాంటి చోటికే తీసుకుపోతుంది.

మన నేల మీద ప్రపంచం

ప్రపంచ చరిత్ర ఎక్కడో లండన్‌లో, పారిస్‌లో మొదలుకానక్కరలేదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. అగస్టస్, టిబేరియస్ చక్రవర్తుల ముఖాలు వాటి మీద ఉన్నాయి. ఆ చక్రవర్తులు ఏలిన శతాబ్దంలోనే రోములో ప్లీనీ అనే పండితుడు, భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని వాపోయాడు. రెండు గడుల పటం చాలు. ఒక గడిలో లెక్కల ముందు తల పట్టుకున్న ప్లీనీ, మరో గడిలో నాణేలు లెక్కబెట్టుకుంటున్న నల్లగొండ వర్తకుడు. పిల్లలు నవ్వుతారు. ప్రాచీన వాణిజ్యం, రుతుపవనాల ఓడలు, మన బట్టకు రోములో ఉన్న గిరాకీ అన్నీ ఆ నవ్వు వెంట వస్తాయి. నాగార్జునకొండలో పొడుగు చేతుల అంగీ తొడిగి బల్లెం పట్టిన శకవీరుడి శిల్పం ఉంది. అతన్ని చూసిన మన శిల్పి ఆ పరదేశి వేషాన్ని శ్రద్ధగా చెక్కిపెట్టాడు.

మన ఊరి అంచునే ఉన్న కొలనుపాక సంగతి చూడండి. రాజేంద్ర చోళుని ప్రశస్తిలో అతను జయించిన చోట్లలో కొల్లిపాకై ఉంది. అదే రాజు 1025 ప్రాంతంలో సముద్రం దాటి శ్రీవిజయం మీదికి నౌకాదళం పంపాడు. సుమత్రా చరిత్ర, ఆలేరు వాగు చరిత్ర ఒకే ప్రశస్తిలో కలుస్తున్నాయి. ఇంగ్లండు పిల్లలు కంఠస్థం చేసే 1066లో మన సీమ కల్యాణి చాళుక్య మొదటి సోమేశ్వరుని ఏలుబడిలో ఉంది.

ఆలేరు మీదుగా పోయే రైలుదారిని 1880లలో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వేసింది. డబ్బు లండన్ పెట్టుబడిదారులది, రాబడికి హామీ నిజాం ఖజానాది. ఆ రైల్వే పథకాన్ని ప్రశ్నించినందుకు 1883లో అఘోరనాథ చట్టోపాధ్యాయను హైదరాబాదు నుంచి పంపించేశారు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. పారిశ్రామిక విప్లవం, వలస పెట్టుబడి అంటే ఏమిటో మన స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చెప్పవచ్చు. ఇక పుట్టపాక తేలియా రుమాలు అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేది. ఇరవయ్యవ శతాబ్దంలో మన నేతగాళ్ళు ఏనుగుల, సింహాల పక్కన గడియారాలను, విమానాలను కూడా నేశారు. మారుతున్న లోకాన్ని మగ్గం మీద బొమ్మ కట్టిన చరిత్రకారులు వాళ్ళు.

నవ్వుకు హద్దు

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చేయకపోతే తప్పవుతుంది. నవ్వు ఎవరి మీద అన్నది ఎప్పుడూ చూసుకోవాలి. 1949లో కార్టూనిస్టు శంకర్ గీసిన ఒక బొమ్మ పదకొండో తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకంలో ఉండేది. రాజ్యాంగం ఆలస్యమవుతోందన్నది దాని సారాంశం. అందులో నత్త మీద కూర్చున్న అంబేడ్కర్ వెనుక కొరడా పట్టిన నెహ్రూ ఉన్నాడు. 2012లో అది పార్లమెంటు దాకా వెళ్ళి పెద్ద వివాదమైంది. చిత్రకారుడి ఉద్దేశం ఏదైనా, కొరడా దెబ్బలు తిన్న తరాల బిడ్డలకు ఆ బొమ్మలో కనబడేది వేరు. తరగతిలో వాళ్ళే కూర్చుని ఉంటారు. ఉపాధ్యాయుడు ఆ చూపును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కొన్ని చోట్ల బొమ్మ కావాలి, నవ్వు వద్దు. 1788లో ఇంగ్లండులో బానిసత్వ వ్యతిరేకులు ‘బ్రూక్స్’ అనే ఓడ పటాన్ని అచ్చువేశారు. బానిసలను ఓడ అడుగున ఎట్లా పేర్చి తీసుకుపోయేవారో అందులో గీశారు. ఎందరి మనసులనో కదిలించిన బొమ్మ అది. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని రద్దు చేసింది. నాజీల మరణ శిబిరాల కథను ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’లో యూదులను ఎలుకలుగా, నాజీలను పిల్లులుగా గీసి చెప్పాడు. 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. ఆ పుస్తకం చదివి ఎవరూ పగలబడి నవ్వరు. ఒంటి రంగు, ముఖం తీరు, మాట యాస, కులం, ఓటమి, ఆకలి, వీటి మీద నవ్వడం బడిలోనే కాదు, ఎక్కడా తగదు. అధికారపు డాంబికం మీద, గొప్పల మీద, మన అందరిలో ఉన్న మూర్ఖత్వం మీద ఎంత నవ్వినా ఆరోగ్యమే.

ఇప్పుడు చేయవలసింది

మనకు చేతులు కరువు కాలేదు. సూర్యాపేట బిడ్డ కార్టూనిస్టు శేఖర్ జబ్బుతో పోరాడుతూ కూడా 2014లో కన్నుమూసేదాకా గీత వదల్లేదు. అదే ఏడు తెలుగు దినపత్రిక చిత్రకారుడు పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా ముఖచిత్రానికి వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అత్యున్నత బహుమతి దక్కింది. ప్రపంచ చరిత్రలోని ఒక ముఖాన్ని ప్రపంచమే మెచ్చేలా గీయగల నేర్పు మన దగ్గర ఉంది. మన ఆలేరులోనే శ్రీరామోజు హరగోపాల్ వంటి చరిత్రాభిమానులు ఊరూరా తిరిగి శాసనాలు, శిలలు వెలికితీసి జనం ముందు పెడుతున్నారు. ఇక కావలసింది వీళ్ళందరినీ బడి గడప దగ్గర కలపడం.

ఉపాధ్యాయులకు నా విన్నపం. ఏడాదికి ఒక్క ప్రపంచ చరిత్ర పాఠాన్ని పటంగా రాయించండి. తరగతిలో ఒక పిల్లను కథకురాలిగా, ఇద్దరిని వంతలుగా నిలబెట్టండి. హాస్యపు వంత వేసే ప్రతి ప్రశ్నకూ పుస్తకం నుంచి ఆధారం చూపే బాధ్యత కథకురాలిది. ఆధారం దొరకని మాటను పటం మీద నుంచి చెరిపేయండి. సంవత్సరాలు మాత్రం తప్పనీయకండి, గడి అంచున స్పష్టంగా రాయించండి.

సారు స్మారక నిధిని నడుపుతున్న పూర్వ విద్యార్థులకు మరో విన్నపం. ఏటా ఉపన్యాసంతో పాటు ఒక నకాశీ చిత్రకారుడినో, కార్టూనిస్టునో బడికి పిలవండి. పిల్లలు రాసిన పటాల్లో మేలైనదాన్ని అచ్చువేసి ఇతర బడులకు పంపండి. తెలుగులో బొమ్మలతో, హాస్యంతో, ఆధారాలతో రాసిన సమగ్రమైన ప్రపంచ చరిత్ర ఒకటి మన పిల్లలకు కావాలి. అది ఎవరో పెద్దవాళ్ళు రాసి ఇచ్చేదాకా ఆగనక్కరలేదు. బడికో పాఠం చొప్పున మొదలుపెడితే కొన్నేళ్ళకు పుస్తకమే అవుతుంది.

పిల్లలూ, మీకు ఒక్క మాట. చరిత్ర పుస్తకంలో ఏ రాజు బొమ్మ కనబడినా, ఏ యుద్ధం పేరు చదివినా నవ్వొస్తే నవ్వండి. నవ్విన వెంటనే ఎందుకు అని అడగండి. జవాబు దొరికేదాకా మీ సార్లనూ మేడంలనూ వదలకండి. మీరు ఎంత పట్టుబట్టి అడిగితే మీ సోషల్ సారుకు అంత పెద్ద నివాళి.